చెనక్కాయ సాగు, గానుగ నూనె, దిగుమతి నూనె: చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

పుస్తకాల్లో వేరుశనగ, ఇక్కడ చెనక్కాయ. కార్తె మారే ముందు విత్తనం గురించి, కాయ పీకాక బూజు గురించి, పండగ ముందు నూనె ధర గురించి ఏటా అవే సందేహాలు వస్తున్నాయి. వాటిని ఒకచోట చేర్చి పెట్టాం. ఏ ప్రశ్న కావాలంటే అది చదువుకోవచ్చు, దేనికది విడి.

## విత్తే ముందు

కె-6 వేయాలా, ధరణి వేయాలా, లేపాక్షి వేయాలా?

నీళ్లున్నాయా లేవా అన్నది ముందు తేల్చుకోండి. వాన మీదే ఆధారపడి, మధ్యలో ఇరవై రోజులు చినుకు పడని చేనైతే తిరుపతి పరిశోధనా స్థానం నుంచి వచ్చిన ధరణి (టీసీజీఎస్ 1043) బెట్టకు బాగా ఓర్చుకుంటుంది. కె-6, అంటే కదిరి-6, నూరు, నూట ఐదు రోజుల్లో వస్తుంది, మార్కెట్లో అందరికీ తెలిసిన కాయ, కొనేవాళ్లు వంక పెట్టరు. కదిరి లేపాక్షికి కాపు ఎక్కువ, కానీ వారం పది రోజులు అదనంగా పడుతుంది. ఆ చివరి తడికి బోరులో నీళ్లు ఉండాలి. కొత్త రకం వేసే ముందు మీరు అమ్మే మిల్లులో దాన్ని కొంటారా, కొంటే అదే ధర ఇస్తారా అని అడిగి రండి. చేను నిండా కాసినా, మిల్లువాడు ముఖం చిట్లిస్తే ఆ కాపంతా బేరంలో పోతుంది.

శ్రీకాళహస్తి చుట్టుపక్కల ఇసుక నేలలకు కాళహస్తి తెగులు లెక్క కూడా ఉంది. అక్కడ కాళహస్తి (టీసీజీఎస్ 320) రకాన్ని ఆ తెగులు కోసమే తయారుచేశారు.

ఎకరాకు ఎన్ని కిలోల గింజ పడుతుంది?

వర్షాధారంగా సాళ్ల మధ్య 30, మొక్కల మధ్య 10 సెంటీమీటర్లు వేస్తే సుమారు 60 కిలోల గింజ. బోరు కింద 22.5 × 10 సెంటీమీటర్లకు వేస్తే 75 కిలోలు. ఇది వంద గింజలు 40 గ్రాములు తూగే రకాలకు లెక్క. మీ గింజ లావుగా ఉంటే ఇంట్లోనే నూరు గింజలు తూచండి. 50 గ్రాములు ఉంటే నాలుగో వంతు పెంచాలి. కాయలు కొని ఒలుచుకునేవాళ్లు 60 కిలోల మంచి గింజకు 90 నుంచి 95 కిలోల కాయ తెచ్చుకోవాలి. పుచ్చులు, సన్నగింజ, బద్దలు ఏరేస్తే అంత పోతుంది.

గింజ ధర ఎక్కువని 40 కిలోలతో సరిపెట్టేవాళ్లు ఉన్నారు. మొక్కలు పలచబడితే ఆ ఖాళీలో కలుపు వస్తుంది, తామరపురుగులు మోసే వైరస్ తెగుళ్లు కూడా పలచని చేలోనే ఎక్కువ. మిగిలిందనుకున్న డబ్బు కలుపు కూలికి పోతుంది.

ఇంట్లో ఉన్న పాత కాయనే విత్తనానికి వాడొచ్చా?

వాడొచ్చు, మొలక చూసుకున్నాక. తడి గోనెపట్టా మీద వంద గింజలు వరసగా పేర్చి, చుట్టచుట్టి, నీళ్లు చిలకరిస్తూ వారం ఉంచండి. 85 మొలిస్తే నిశ్చింత. 70 దాటితే మోతాదు పెంచి వేయొచ్చు. ధ్రువీకరించిన విత్తనానికి కూడా కనీసం 70 శాతమే నిబంధన. అంతకన్నా తగ్గితే గానుగకు పంపించేయండి.

విత్తనాన్ని కాయగానే దాచాలి. గింజగా ఒలిచి ఉంచితే నెలలోనే మొలక పడిపోతుంది. విత్తడానికి వారం పది రోజుల ముందు చేత్తో ఒలవడం మేలు. మిషన్ దెబ్బకు పైపొర చిట్లిన గింజ మట్టిలో మొలవకముందే కుళ్లుతుంది.

విత్తన శుద్ధిలో ముందు ఏది, తర్వాత ఏది?

ముందు పురుగు మందు, తర్వాత తెగులు మందు, ఆఖరున రైజోబియం. వేరుపురుగు ఉన్న చేలకు కిలో గింజకు క్లోరిపైరిఫాస్ 6 మి.లీ., రసం పీల్చే పురుగుల బెడద ఉన్న చోట ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్‌ఎస్ 2 మి.లీ. పట్టించి నీడలో ఆరనివ్వాలి. తర్వాత టెబ్యుకొనజోల్ 2 డీఎస్ 1 గ్రాము, లేకపోతే మాంకోజెబ్ 3 గ్రాములు పొడిగా కలపాలి. రెండు మూడేళ్లుగా చెనక్కాయ వేయని చేనైతే ఎకరా విత్తనానికి 200 గ్రాముల రైజోబియం పొడిని విత్తే రోజు, కొంచెం బెల్లం నీళ్లతో పట్టించాలి.

తప్పు ఎక్కువగా జరిగేది కలిపే దగ్గర. చెనగింజ పైపొర ఉల్లిపొరంత పలచన. సిమెంటు తొట్లో పారతో తిప్పితే సగం ఊడిపోతుంది. పాలిథిన్ పట్టా మీద పోసి, ఇద్దరు చెరో వైపు పట్టుకుని అటూ ఇటూ దొర్లించాలి. చేతికి గ్లవుజులు తప్పవు. మందు కలిపిన గింజ మిగిలితే కోళ్లకు, పిల్లలకు అందనివ్వకండి.

ఎప్పుడు వేస్తే మంచిది?

పుంగనూరు, పలమనేరు, కుప్పం వైపు నైరుతి వానకు జూన్ రెండో పక్షం నుంచి జులై ఆఖరు దాకా. జానెడు లోతు చెమ్మ దిగాక, 5 సెంటీమీటర్ల లోతులో గింజ పడాలి. తూర్పు మండలాల ఇసుక నేలల్లో ఈశాన్య వానల జోరు తగ్గాక నవంబరు, డిసెంబరు.

అప్పుడే పీకిన కాయను వెంటనే రబీకి విత్తితే మొలవడం లేదు. విత్తనం చచ్చిందా?

చావలేదు, నిద్రలో ఉంది. కొన్ని రకాలకు పీకాక కొన్ని వారాల నిద్రావస్థ ఉంటుంది. వాన తగిలినా చేలోనే మొలకెత్తకుండా కాపాడేది అదే. త్వరగా విత్తాలంటే 10 లీటర్ల నీళ్లలో 5 మి.లీ. ఇథరిల్ కలిపి, గింజను 12 గంటలు నానబెట్టి, నీడలో ఆరబెట్టి వేయాలి.

## పైరు మీద ఉన్నప్పుడు

జిప్సం ఎందుకు? డీఏపీ వేశాం కదా?

డీఏపీలో కాల్షియం లేదు, గంధకం లేదు. చెనక్కాయకు ఈ రెండూ కావాలి. పైగా ఇది మిగతా పైర్ల లాంటిది కాదు. ఊడ (పూత నుంచి మట్టిలోకి దిగి కాయ కట్టే కాడ) భూమిలోకి దిగాక కాయకు కావలసిన కాల్షియాన్ని వేరు పైకి పంపదు, కాయ తన తొక్క ద్వారా చుట్టూ ఉన్న మట్టిలోంచి తానే తీసుకుంటుంది. మొదలు దగ్గర, పై రెండు మూడు అంగుళాల మట్టిలో కాల్షియం లేకపోతే కాయ పెద్దదిగానే కనిపిస్తుంది, ఒలిస్తే లోపల ఏమీ ఉండదు. ఈ లొట్టకాయలు చూసి విత్తనం వాడిని తిడుతుంటారు, నిజానికి అది జిప్సం ఎగ్గొట్టిన ఫలితం.

ఎకరాకు 200 కిలోలు, పూత మొదలయ్యాక, 30 నుంచి 45 రోజుల మధ్య. చెట్టు మొదళ్ల దగ్గర సాలు పొడుగునా పోసి, అదే ఊపులో కలుపు తీసి మట్టి ఎగదోయాలి. నేలలో తడి ఉండాలి. 45 రోజులు దాటాక గుంటక తోలకూడదు, తొలికతో తవ్వకూడదు, దిగిన ఊడలు తెగిపోతాయి.

దుక్కిలో వేసే ఎరువులు, వర్షాధారానికి ఎకరాకు: సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 100 కిలోలు, యూరియా 18 కిలోలు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 33 కిలోలు. డీఏపీకి బదులు సూపర్ వేయమనేది అందులోనూ కాల్షియం, గంధకం ఉన్నాయని. అయినా జిప్సం మానడానికి అది సాకు కాదు.

బోరులో నీళ్లు తక్కువ. మూడు తడులే ఇవ్వగలను. ఎప్పుడు ఇవ్వాలి?

ఊడలు దిగేటప్పుడు ఒకటి, కాయ కట్టేటప్పుడు ఒకటి, గింజ ఊరేటప్పుడు ఒకటి. రోజుల్లో చెబితే 45 నుంచి 85 మధ్య పంచుకోండి. మొదటి ఇరవై, ఇరవై ఐదు రోజులు మొక్క కొంచెం వాడినా భయం లేదు, ఆ బెట్టకే తర్వాత పూత గుంపుగా వస్తుంది. పచ్చగా కనబడాలని మొదట్లోనే నీళ్లు కట్టి, ఊడలు గట్టి నేలలో దిగలేక గాల్లో వేలాడేటప్పుడు బోరు ఎండితే చేసేదేమీ లేదు. స్ప్రింక్లర్లు ఉంటే అదే నీటితో ఎక్కువ చేను తడుస్తుంది, పై మట్టి మెత్తబడి ఊడలు సులువుగా దిగుతాయి.

లేతాకులు తెల్లగా పాలిపోతున్నాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. యూరియా చల్లాలా?

వద్దు, అది ఇనుప ధాతు లోపం. సున్నం ఎక్కువున్న నేలల్లో, నీళ్లు నిలిచిన తర్వాత వస్తుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేయండి. కలిపిన వెంటనే వాడాలి, మర్నాటికి ఉంచితే నీళ్లు తుప్పు రంగు తిరిగి పనిచేయవు. నత్రజని తగ్గితే ముందు కింది ముదురాకులు పసుపెక్కుతాయి, లేతాకులు కాదు. తేడా అక్కడ పట్టుకోవాలి.

ఆకుల మీద నల్ల మచ్చలు వచ్చి రాలిపోతున్నాయి. 80 రోజులైంది, ఇంక మందెందుకు?

తిక్క తెగులు. ఆకు రాలిపోతే గింజ ఊరదు, కాయ తెంపాక మిగిలే కట్టెను పశువులు ముట్టవు, ఊడ బలహీనపడి పీకేటప్పుడు కాయలు భూమిలోనే ఉండిపోతాయి. మచ్చలు కింది ఆకుల్లో మొదలైనప్పుడే ఎకరాకు 200 లీటర్ల నీటిలో హెక్సాకొనజోల్ 400 మి.లీ. లేదా టెబ్యుకొనజోల్ 200 మి.లీ. కొట్టాలి. అవసరమైతే రెండు వారాలకు మళ్లీ. ఎనభై రోజులకు ఆకంతా రాలిపోయి ఉంటే మందు దండగే. సగం పైన ఆకు నిలిచి ఉంటే మాత్రం ఒకసారి కొట్టడం గిట్టుబాటు.

కాయల తొక్క నల్లబడి, మొక్కలు గిడసబారాయి. ఇది కాళహస్తి తెగులేనా?

కావచ్చు. 1970ల నడుమ శ్రీకాళహస్తి ప్రాంతంలో బయటపడింది కాబట్టి ఆ పేరు. చేసేది శిలీంధ్రం కాదు, కంటికి కనిపించని నులిపురుగు. లేత ఊడల మీద, కాయల మీద గోధుమ రంగు చుక్కలు పడి, అవి కలిసిపోయి తొక్కంతా నల్లగా మారుతుంది. కాయ చిన్నదైపోతుంది. లోపలి గింజ మాత్రం చాలాసార్లు బాగానే ఉంటుంది. కుళ్లు తెగుళ్లలో అలా ఉండదు, గింజ కూడా కుళ్లుతుంది. చేలో అక్కడక్కడ గుంపులు గుంపులుగా మొక్కలు పొట్టిగా కనిపిస్తే అనుమానించాలి. నిలబడ్డ పైరుకు చేయగలిగింది తక్కువ. వచ్చే ఏడాది తట్టుకునే రకం వేయాలి, అదే చేలో చెనక్కాయ మీద చెనక్కాయ వేయడం మానాలి.

అడవి పందులు రాత్రికి రాత్రి తవ్వేస్తున్నాయి. కరెంటు తీగ కట్టొచ్చా?

మెయిన్ లైను కరెంటు కట్టకూడదు. నేరం, పైగా తెల్లారుజామున చేలోకి వెళ్లే మనుషులే పోతున్నారు. బ్యాటరీతో క్షణకాలం షాకిచ్చే సౌర కంచె అనుమతి ఉన్నదే. గట్టు చుట్టూ నాలుగైదు సాళ్లు ఆముదం ఒత్తుగా వేస్తే కొంత అడ్డు. కౌండిన్య అడవి అంచున ఏనుగులు తిరిగే ఊళ్లలో ఈ రెండూ నిలవవు, అక్కడ అటవీ శాఖకు కబురు పెట్టడమే.

## పీకడం, ఎండబెట్టడం

కాయ ముదిరిందని ఎట్లా తెలుస్తుంది?

చేలో నాలుగు చోట్ల చెట్లు పీకి, కాయలు పగలగొట్టి తొక్క లోపలి వైపు చూడండి. తెల్లగా ఉంటే లేత, గోధుమ నలుపు చారలు తిరిగితే ముదురు. వందకు 75 నుంచి 80 అలా ఉంటే పీకొచ్చు. లేతగా పీకితే గింజ ముడతలు పడి తూకం, నూనె రెండూ పోతాయి. ఆలస్యం చేస్తే ఊడ తెగి కాయ మట్టిలో మిగులుతుంది, వాన పడితే నిద్రావస్థ లేని రకాలు అక్కడే మొలకెత్తుతాయి.

ఎండబెట్టడానికి ఎన్ని రోజులు?

రోజులు కాదు, తేమ ముఖ్యం. పీకినప్పుడు కాయలో మూడో వంతుకు పైగా నీరు ఉంటుంది. దాన్ని 8 శాతానికి తేవాలి. పీకిన చెట్లను తలకిందులుగా, కాయలు పైకి వచ్చేట్టు వరసలుగా పరచి రెండు మూడు రోజులు చేలోనే ఆరనివ్వండి. కుప్పగా పోస్తే లోపల ఆవిరి పట్టి అక్కడే బూజు మొదలవుతుంది. తెంపాక పట్టాల మీద పలచగా పరిచి మరో నాలుగైదు ఎండలు. కాయ ఊపితే గలగలమనాలి, గింజను వేళ్ల మధ్య నలిపితే పొర ఊడాలి. విత్తనానికి దాచే కాయను మాత్రం మధ్యాహ్నపు మాడుటెండలో పెట్టకండి.

మూటలు నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు అడుగు దూరంగా పేర్చాలి.

కొంచెం బూజు పట్టింది. కడిగి ఎండబెట్టి గానుగాడిస్తే సరిపోదా?

సరిపోదు. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. అది కాలేయానికి హాని చేస్తుంది, క్యాన్సర్ కారకం. వేయించినా, వంట వేడికీ పూర్తిగా పోదు. రిఫైనరీలో క్షారంతో శుద్ధి చేస్తే నూనెలోంచి పోతుంది కానీ గానుగలో ఆ దశ ఉండదు. కాబట్టి కొంత గానుగ నూనెలోకే దిగుతుంది, మిగతాదంతా పిండిలో పేరుకుంటుంది. ఆ పిండి ఆవుకు పెడితే పాలలోకి అఫ్లాటాక్సిన్ ఎం1 అనే రూపంలో వస్తుంది. ఇంటింటా పాల కేంద్రానికి పాలు పోసే జిల్లాలో ఇది చిన్న సంగతి కాదు.

బూజుకు మూలాలు నాలుగు. కాయ ఊరే చివరి నెలలో బెట్ట, తవ్వేటప్పుడు పార దెబ్బ తగిలిన కాయ, సరిగా ఎండని కాయ. నాలుగోది జనం పట్టించుకోరు: మిషన్‌లో గింజ బద్దలు కాకుండా ఉండాలని ఒలిచే ముందు కాయల మీద నీళ్లు చల్లడం. తడిసిన గింజ మూటలో రెండు రోజులు ఉంటే చాలు. పుచ్చులు, రంగు మారినవి, ముడతలు పడినవి చేత్తో ఏరేస్తే విషంలో పెద్ద భాగం వాటితోనే పోతుంది. ఏరినవి పశువులకూ పెట్టకండి.

## అమ్మకం

మద్దతు ధర ఎంత? మాకు అంత రావడం లేదే?

2024-25కు క్వింటాలు కాయ 6,783 రూపాయలు, 2025-26కు 7,263. ఇది ప్రభుత్వం కొంటే ఇచ్చే ధర. కొనుగోలు కేంద్రం తెరవని చోట వ్యాపారి దీనికి కట్టుబడాల్సిన పని లేదు. కొనుగోలు కేంద్రం తెరిచినా ఈ-పంటలో మీ చేను నమోదై ఉండాలి, కాయలో తేమ 8 శాతం మించకూడదు. నమోదు పైరు మీదుండగానే జరగాలి కాబట్టి కాయ పీకాక పరుగెత్తి లాభం లేదు.

మిల్లులో ‘ఒలుపుడు తక్కువ’ అని ధర కోస్తారు. నిజమో కాదో ఎట్లా తెలుసుకునేది?

ఇంటి దగ్గరే చూసుకుని వెళ్లండి. మూటల అడుగునుంచి, నడిమినుంచి, పైనుంచి కలిపి ఒక కిలో కాయ తీసి ఒలవండి. గింజ 700 గ్రాములు ఉంటే 70 శాతం, మంచి కాయ. 650 కంటే తగ్గితే వాళ్లు చెప్పేది నిజమే. బేరం ఎప్పుడూ క్వింటాలులో మాట్లాడుకోండి. మూట బరువు ఊరికో లెక్క, ఆ తేడాలోనే చాలా పోతుంది.

## గానుగ, వంటిల్లు

క్వింటాలు కాయకు ఎంత నూనె రావాలి?

100 కిలోల కాయ ఒలిస్తే 70 కిలోల గింజ. గింజలో నూనె 45 నుంచి 50 శాతం దాకా ఉన్నా చెక్క గానుగ 40 వరకే పిండుతుంది, అంటే 28 కిలోలు. లీటరు నూనె 910 గ్రాములే తూగుతుంది కాబట్టి 30 లీటర్ల పైచిలుకు. పిండి 40 కిలోలు. ఎక్స్‌పెల్లర్ వేడితో ఇంకొంచెం ఎక్కువ లాగుతుంది. 25 లీటర్లే వచ్చాయంటే గింజ సన్నదై ఉండాలి, లేదా తడిగా ఉండాలి, లేదా మీరు టీ తాగడానికి వెళ్లి ఉండాలి.

ఆడించిన నూనెను స్టీలు పాత్రలో నీడన మూడు నాలుగు రోజులు తేర్చి, మడ్డి కదలకుండా వంచుకోండి. ఎండలో పెట్టే అలవాటు ఉంది. ఎండ తగిలితే తేమ పోతుందన్నది నిజమే, నూనె త్వరగా చిక్కువాసన పట్టేది కూడా ఎండకే. గింజను ముందుగా బాగా ఎండబెడితే ఆ అవసరం రాదు.

లీటరు 150కి ‘స్వచ్ఛమైన చెనగ నూనె’ ఇస్తామంటున్నారు. నమ్మొచ్చా?

కాగితం తీసి లెక్క వేయండి. కాయ 7,263కి కొన్నారనుకుంటే 30 లీటర్లకు, లీటరుకు 242 పడుతుంది. 40 కిలోల పిండి కిలో 40 చొప్పున పోతే 1,600 వెనక్కి వస్తుంది, లీటరుకు 53. మిగిలేది 189. ఇంకా ఒలుపుడు, ఏరుడు, గానుగ కూలి, సీసా, లాభం కలపలేదు. కాయ 5,500కు పడిపోయిన ఏడాదైతే అదే లెక్క 130కి వస్తుంది, అప్పుడు కూడా 150 ఇరుకే. పెద్ద మిల్లులు లావు గింజను తినడానికి అమ్మి, సన్నగింజ, బద్దలు చౌకగా ఆడిస్తాయి కాబట్టి వాళ్లకు కొంత తగ్గుతుంది. ఆ రోజు కాయ ధర తెలిస్తే చాలు, ఈ లెక్కకు మరీ దిగువన చెప్పేవాడి డబ్బాలో ఇంకేదో ఉంది.

ఫ్రిజ్‌లో పెడితే గడ్డకట్టింది. పామాయిల్ కలిపినట్టేనా?

అంతమాత్రాన చెప్పలేం. పామోలిన్ త్వరగా మబ్బేస్తుంది, కానీ అసలైన చెనగ నూనె కూడా ఫ్రిజ్ చలికి మబ్బేసి చిక్కబడుతుంది. ప్రయోగశాలలో బెల్లియర్ పరీక్ష (నూనె ఏ వేడి దగ్గర మబ్బేస్తుందో చూసేది) చేస్తారు, చెనగ నూనెకు అది 39 నుంచి 41 డిగ్రీల మధ్య రావాలి. ఇంట్లో అయ్యే పని కాదు. విడిగా డబ్బాల్లోంచి కొలిచి అమ్మే నూనెకు ఆహార భద్రత నిబంధనల ప్రకారం అనుమతే లేదు, అక్కడ కొనకపోవడం తేలికైన పరీక్ష.

ప్యాకెట్ మీద చెనక్కాయ బొమ్మ ఉంది, కింద సన్నగా ‘బ్లెండెడ్’ అని ఉంది. మోసమా?

చట్టబద్ధమే. రెండు నూనెలు కలిపి అమ్మొచ్చు, ఏదీ 20 శాతానికి తగ్గకూడదు, ఆగ్‌మార్క్ ఉండాలి, ఏది ఎంత శాతమో రాయాలి. బొమ్మ చూడకండి, ఆ శాతాలు చదవండి. చెనగ నూనె 20, ఇంకొకటి 80 అని ఉంటే మీరు కొంటున్నది ఆ రెండోదాన్నే.

## దిగుమతి నూనె

మన దేశం ఎంత నూనె బయటనుంచి తెస్తోంది?

మన వాడకంలో దాదాపు 57 శాతం. 2023-24 నూనె సంవత్సరంలో సుమారు 160 లక్షల టన్నులు వచ్చింది. నూనె వ్యాపారంలో సంవత్సరమంటే నవంబరు నుంచి అక్టోబరు. పామాయిల్ ఇండోనేషియా, మలేషియాల నుంచి, సోయా నూనె అర్జెంటీనా, బ్రెజిల్ నుంచి, పొద్దుతిరుగుడు నూనె రష్యా, ఉక్రెయిన్ల నుంచి. వంట నూనె దిగుమతిలో ప్రపంచంలో మనదే మొదటి స్థానం. మన ప్రాంతానికి దగ్గరి దారి నెల్లూరు జిల్లా కృష్ణపట్నం రేవు. ముడి నూనె ఓడలు అక్కడ ఆగుతాయి, చుట్టూ ఉన్న కర్మాగారాల్లో శుద్ధై ప్యాకెట్లుగా మన కిరాణా కొట్లకు వస్తుంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం, ఆ ఏప్రిల్ ఆఖరులో ఇండోనేషియా మూడు వారాలకు పైగా పామాయిల్ ఎగుమతి ఆపడం, ఈ రెండూ మన ఊరి బజ్జీల బండి దాకా తగిలింది అందుకే.

ఒకప్పుడు మనకు దిగుమతి అవసరమే ఉండేది కాదంటారు. నిజమా?

చాలావరకు నిజం. 1986లో నూనెగింజల టెక్నాలజీ మిషన్ మొదలయ్యాక 1990ల తొలి ఏళ్లలో దేశం తన అవసరాల్లో తొంభై శాతానికి పైగా తానే పండించుకుంది. పసుపు విప్లవం అన్నారు. 1994 నుంచి పామోలిన్ దిగుమతికి తలుపు తెరిచారు, 65 శాతం ఉన్న సుంకాన్ని నాలుగేళ్లలో 15కి దించారు. అదే కాలంలో మనుషుల సంఖ్య, తలసరి వాడకం రెండూ పెరిగాయి. ఇప్పుడు మనిషికి ఏడాదికి సుమారు 19.7 కిలోలు వాడుతున్నాం. పోషకాహార నిపుణులు చెప్పేది 12 కిలోలు, అంటే నలుగురున్న ఇంటికి నెలకు నాలుగు కిలోలు, లీటర్లలో నాలుగున్నరకు కొంచెం తక్కువ. మీ ఇంట్లో నెలకెన్ని ప్యాకెట్లు ఖాళీ అవుతున్నాయో లెక్కపెట్టి చూడండి.

దిగుమతి సుంకం పెంచారంటే మా కాయ ధర పెరగాలి కదా? ఎందుకు పెరగదు?

2024 సెప్టెంబరు 14న ముడి నూనెల మీద మొత్తం సుంకాన్ని 5.5 నుంచి 27.5 శాతానికి, శుద్ధి చేసిన నూనె మీద 13.75 నుంచి 35.75కి పెంచారు. 2025 మే ఆఖరులో ముడి నూనె మీద మళ్లీ 16.5కి తగ్గించారు, శుద్ధి నూనెది అలాగే ఉంచారు. ఆ తేడా వల్ల లాభపడేది ఇక్కడి రిఫైనరీలు, రైతు కాదు. ఇంకో సంగతి, పామాయిల్ ధర చెనగ నూనెకు చాలా దిగువన ఉంటుంది. సుంకం పెరిగి పామాయిల్ కిలోకు పాతిక రూపాయలు పెరిగినా, చౌక నూనె కొనేవాడు చెనగ నూనెకు మారడు, పొద్దుతిరుగుడుకో సోయాకో జరుగుతాడు. కాయ ధరను ఎక్కువగా కదిలించేది గుజరాత్ పంట ఎంత వచ్చిందన్నది, గింజ ఎగుమతి ఎలా ఉందన్నది.

ఒకవైపు గింజ ఎగుమతి చేస్తూ ఇంకోవైపు నూనె దిగుమతి చేసుకోవడం ఏం తెలివి?

తినే గింజకు నూనె గింజ కంటే ఎక్కువ ధర వస్తుంది కాబట్టి. ఏరిన లావు గింజను ఎగుమతి చేస్తే వచ్చే డబ్బుతో ఆ గింజలో ఉండే నూనె కంటే ఎక్కువ పామాయిల్ కొనొచ్చు. మన గింజను ఎక్కువగా కొనే దేశాల్లో ఇండోనేషియా ఒకటి, మనకు పామాయిల్ అమ్మేదీ అదే. 2025 సెప్టెంబరులో ఆ దేశం అఫ్లాటాక్సిన్ కారణం చూపి మన చెనగింజను కొంతకాలం ఆపినప్పుడు ఇక్కడ ధర మెత్తబడింది. కళ్లంలో పట్టా మీద పరిచి సరిగా ఎండబెట్టడానికీ దేశాల మధ్య వ్యాపారానికీ సంబంధం అక్కడుంది.

అందరూ చెనక్కాయ వేస్తే దిగుమతి ఆపేయొచ్చా?

ఎకరాకు 8 క్వింటాళ్ల కాయ, అందులో 230 కిలోల నూనె అనుకుందాం. 160 లక్షల టన్నులకు దాదాపు 7 కోట్ల ఎకరాలు కావాలి. దేశం మొత్తం మీద ఇప్పుడు చెనక్కాయ వేసేది సుమారు 50 లక్షల హెక్టార్లు, అంటే కోటిన్నర ఎకరాల లోపే. ఒక్క పైరుతో అయ్యే పని కాదు. ప్రభుత్వం 2024 అక్టోబరులో 10,103 కోట్లతో ప్రకటించిన నూనెగింజల మిషన్ కూడా ఆవాలు, సోయా, చెనక్కాయ, నువ్వులు, పొద్దుతిరుగుడు అన్నీ కలిపి ఉత్పత్తిని 2030-31కి 697 లక్షల టన్నులకు తేవాలంటోంది. 2022-23లో అది 390 లక్షలు. విస్తీర్ణం కంటే దిగుబడిలో ఖాళీ ఎక్కువ. వర్షాధారంలో నాలుగైదు క్వింటాళ్లు తీసే చేనే, రెండు తడులు, జిప్సం, మంచి విత్తనం పడితే ఎనిమిది దాటుతుంది.

మామిడి తీసేసి ఆయిల్‌పామ్ పెట్టమంటున్నారు. మా బోరు కింద వస్తుందా?

చెట్టు పెరుగుతుంది, ప్రశ్న నీళ్లది. ఎకరాకు 57 చెట్లు. ఎండాకాలంలో ఒక్కో చెట్టుకు రోజుకు 200 లీటర్లకు తగ్గకూడదు, అంటే రోజుకు 11,400 లీటర్లు, ఏప్రిల్, మే నెలల్లో ఆగకుండా. ఆ నెలల్లోనే మన బోర్లు గాలి కొడతాయి. చెనక్కాయైతే నీళ్లు లేని ఏడాది వేయకుండా ఊరుకోవచ్చు, ఈ చెట్టు అలా ఆగదు. ఒక వేసవి ఎండితే మగపూత పెరిగి, గెలలు తగ్గి, ఆ దెబ్బ ఏడాదిన్నర తర్వాత కనిపిస్తుంది. మొదటి ఆదాయం నాలుగో ఏడు. హెక్టారుకు నాలుగైదు టన్నుల నూనె ఇస్తుందన్న లెక్క సరైన నీళ్లున్న తోటకే.

స్వర్ణముఖి దిగువన, ఎండాకాలంలోనూ నీళ్లు అందే చోట ఆలోచించవచ్చు. అప్పుడూ సంతకం పెట్టే ముందు అడగాల్సింది మిల్లు ఎంత దూరమని. కోసిన గెల 24 గంటల్లో మిల్లు చేరాలి, లేకపోతే నూనెలో ఆమ్లం పెరిగి ధర కోస్తారు. గెలలు సేకరించే కేంద్రం మీ మండలంలో ఉందా, లారీ కిరాయి ఎవరిది, ఈ రెండూ కాగితం మీద రాయించుకున్నాకే మామిడి చెట్టు మీద గొడ్డలి పెట్టండి.